హైకోర్టు కింద ఉన్న ఊరు

చెన్నైలో చూడదగ్గ పాత కట్టడాల జాబితా ఎవరు రాసినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. సెయింట్ జార్జి కోట, అందులో సెయింట్ మేరీస్ చర్చి, ఎర్రటి హైకోర్టు, సెంట్రల్ స్టేషను, తెల్లటి రిప్పన్ బిల్డింగ్, ఎగ్మూరు మ్యూజియం, చేపాక్ ప్యాలెస్. ఒక్కోదాని పక్కన ఒక వాక్యం: ఏ సంవత్సరంలో కట్టారు, ఏ ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ గీశాడు, శైలి ఏమిటి. జాబితాలో తప్పేం లేదు. నేను చెప్పబోయేదీ ఆ కట్టడాల గురించే. కాకపోతే ఆ జాబితా పట్టుకుని ఊరంతా తిరిగొచ్చినా రెండు ప్రశ్నలు మిగిలిపోతాయి. ఇవి లేవకముందు ఆ నేల మీద ఏముండేది? వీటిని నిజంగా కట్టిందెవరు?

తెలుగువాళ్లకి ఈ ప్రశ్నలు ఇంకొంచెం గట్టిగా తగలాలి. మద్రాసు పేరెత్తితే చాలు, మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఇప్పటికీ నిట్టూరుస్తారు. "మద్రాసు మనదే" అన్న నినాదం ఆగిపోయి డెబ్భై ఏళ్లు దాటినా, ఏదో ఆస్తి పంపకంలో అన్యాయం జరిగిందన్న బాధ మాత్రం తరం నుంచి తరానికి వస్తూనే ఉంది. ఆ బాధలో ఊరు మొత్తం ఒకే ముద్ద. ఏ వీధి, ఏ గోడ, ఏ పని మనది అని ఎవరూ విడదీసి చెప్పరు. అలా విడదీసి చూడాలంటే కోట ఉత్తరపు గోడకీ ప్యారీస్ కార్నర్‌కీ మధ్య ఉన్న నేల దగ్గరికి వెళ్లాలి. ఇప్పుడు అక్కడ హైకోర్టు ఉంది. హైకోర్టు కంటే ముందు అక్కడొక మైదానం ఉండేది. మైదానం కంటే ముందు ఒక ఊరు ఉండేది.

నెల్లూరు తీరం నుంచి

ఈస్టిండియా కంపెనీ కోరమాండల్ తీరంలో మొదట కాలు పెట్టింది మద్రాసులో కాదు. 1611లో మచిలీపట్నంలో వర్తకశాల తెరిచింది. అక్కడ డచ్చివాళ్ల పోటీ, స్థానిక అధికారులతో తగువులు ఎక్కువై, 1626లో ఇంకాస్త దక్షిణంగా నెల్లూరు తీరాన దుగరాజపట్నం దగ్గర మరో మకాం పెట్టుకుంది. కంపెనీ కాగితాల్లో దాని పేరు ఆర్మగాం. అక్కడ బట్ట సరిగ్గా దొరకలేదు, దొరికినా చవక కాదు. ఆ మకాం పెద్ద ఫ్రాన్సిస్ డే మంచి చోటు కోసం తీరం వెంబడి వెతుక్కుంటూ వెళ్లి మదరాసుపట్నం అనే పల్లె దగ్గర ఆగాడు. 1639లో అక్కడ కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చింది చంద్రగిరి రాయల కింద ఆ ప్రాంతాన్ని ఏలుతున్న దామెర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయన వందవాసిలో ఉండేవాడు, తమ్ముడు అయ్యప్ప పూందమల్లిలో. 1640 ఫిబ్రవరిలో కంపెనీ ఆర్మగాం నుంచి సామాను సర్దుకుని ఇక్కడికి వచ్చేసింది.

దామెర్లవారు తెలుగు నాయకులు. వాళ్ల తండ్రి చెన్నప్ప పేరు మీదే కొత్త ఊరికి చెన్నపట్నం అన్న పేరొచ్చిందని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. అదే కుటుంబానికి చెందిన దామెర్ల అంకభూపాలుడు రాసిన తెలుగు కావ్యం 'ఉషాపరిణయం' కూడా తండ్రి పేరిట ఆ పట్నం వెలిసిందనే చెబుతుంది. 1996లో మద్రాసుని అధికారికంగా చెన్నైగా మార్చినప్పుడు అది తమిళ పేరు తిరిగి రావడంగా అందరూ అనుకున్నారు. పేరు మూలం మాత్రం ఒక తెలుగు నాయకుడి దగ్గర తేలుతుంది. ఇది పట్టుకుని ఎగరాల్సిన విషయమేమీ కాదు. ఆ కాలంలో ఆ ప్రాంతంలో భాషలు ఎంతగా కలిసిపోయి ఉండేవో చెప్పే ఆధారం, అంతే.

కోట లోపలి భాగం ఇంగ్లీషువాళ్లకి. దాని పేరు వైట్ టౌన్. కోట ఉత్తరపు గోడని ఆనుకుని వర్తకులు, నేతగాళ్లు, అద్దకం పనివాళ్లు, పడవలవాళ్లు, దుబాసీలు కాపురం పెట్టిన ఊరు బ్లాక్ టౌన్. అందులో స్థిరపడ్డ వర్తకుల్లో తెలుగువాళ్లు చాలామంది. కంపెనీకి దుబాసీగా, ప్రధాన వర్తకుడిగా వ్యవహరించిన బేరి తిమ్మన్న వాళ్లలో ఒకడు. కంపెనీకి తుపాకీ మందు తయారుచేసి ఇచ్చే నాగభట్టు మరొకడు. ఊరి మధ్యలో చెన్నకేశవస్వామి గుడి లేచింది. ఇంగ్లీషువాళ్లు దాన్ని టౌన్ టెంపుల్ అనేవారు. ఆ గుడికి సంబంధించి రెండు దానపత్రాలు కంపెనీ రికార్డుల్లో మిగిలాయి. ఒకదానిలో గుడి కట్టించింది నాగభట్టు అని ఉంటుంది, ఇంకొకదానిలో తిమ్మన్న అని. అంటే ఊరు పుట్టిన పదేళ్లలోపే ఊరి గుడి ఎవరిదన్న పేచీ మొదలైందన్నమాట. "ఎవరిది" అన్న ప్రశ్నకి ఈ ఊళ్లో అంత వయసుంది.

కూలగొట్టిన ఊరు

ఆ ఊరిని ఇప్పుడు చూడలేం. ఎందుకు చూడలేమో అర్థం కావాలంటే ఫిరంగి గురించి కొంచెం ఆలోచించాలి. కోట గోడకి ఆనుకుని ఇళ్లు ఉంటే శత్రువు ఆ ఇళ్ల చాటున దాక్కుని దగ్గరిదాకా రాగలడు. కోట మీది ఫిరంగులకి ఎదురుగా ఖాళీ నేల కావాలి. 1640లో కంపెనీ దగ్గర ఇంత ఆలోచన లేదు. అప్పటి అవసరం బట్టల వ్యాపారం, వర్తకులు దగ్గరగా ఉంటే మంచిది. వందేళ్ల తర్వాత వ్యాపారం యుద్ధంగా మారింది.

1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసుని పట్టుకున్నారు. తమ రక్షణ కోసం కోట ఉత్తరపు గోడ పక్కనున్న బ్లాక్ టౌన్ భాగాన్ని కూల్చేశారు. సంధి ప్రకారం 1749లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి తిరిగొచ్చింది. శత్రువు చేసిన పని తప్పని వాళ్లేం అనుకోలేదు. అదే పనిని వాళ్లే కొనసాగించారు. తిమ్మన్న, నాగభట్టు పోటీపడ్డ చెన్నకేశవుడి గుడి కూడా ఆ కూల్చివేతల్లోనే పోయింది. 1758 డిసెంబరులో లాలీ నాయకత్వంలో ఫ్రెంచి సైన్యం మళ్లీ వచ్చి, రెండు నెలలు కోటని ముట్టడించి, తీసుకోలేక వెనుదిరిగింది. ఆ ముట్టడి తర్వాత ఖాళీ నేల ఎంత అవసరమో ఎవరికీ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

కూలినవి నల్లవాళ్ల ఇళ్లు మాత్రమే కాదు. ఇంగ్లీషువాళ్ల శ్మశానం కూడా కోట బయట, ఈ వైపే ఉండేది. పెద్ద పెద్ద గోరీలు, గోపురాల్లాంటి కట్టడాలు. ముట్టడిలో ఫ్రెంచి సిపాయిలు వాటి చాటున నిలబడి కాల్చారు. ముట్టడి అయ్యాక వాటినీ తీసేశారు. గోరీల మీది రాతి పలకల్ని మోసుకెళ్లి కోట లోపల సెయింట్ మేరీస్ చర్చి చుట్టూ నేలలో పరిచారు. చర్చికి వెళ్తే ఇప్పటికీ ఆ పలకల మీదే నడవాలి. 1680లో పూర్తైన ఆ చర్చి గోడలు నాలుగడుగుల మందం. పైకప్పులో కలప వాడలేదు, ఇటుకతో కమానులా కట్టారు, గుళ్లు పడ్డా నిలబడేలా. ప్రార్థనామందిరాన్ని కూడా ఫిరంగిని దృష్టిలో పెట్టుకునే కట్టారు.

పాత శ్మశానంలో ఒక్క కట్టడం మాత్రం మిగిలింది. హైకోర్టు పక్కన లా కాలేజీ ఆవరణలో కోసుగా నిలబడ్డ సమాధి. అందులో ఉన్నది అప్పటి గవర్నరు ఎలిహు యేల్ కొడుకు డేవిడ్, యేల్ స్నేహితుడు జోసెఫ్ హిన్మర్. అమెరికాలో యేల్ యూనివర్సిటీకి పేరిచ్చింది ఈ గవర్నరే. మద్రాసులో సంపాదించిన డబ్బులో, సరుకులో కొంత ఆ కాలేజీకి పంపాడు. ఊరు పోయింది, గుడి పోయింది, గవర్నరు కొడుకు సమాధి ఉంది. ఎవరిది ఉంచాలో, ఎవరిది తీసేయాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడానికి దీనికి మించిన ఉదాహరణ అక్కర్లేదు.

గుడి సంగతి ఇంకా ఉంది. ఇళ్లు పోయిన జనం ఉత్తరంగా కొత్త బ్లాక్ టౌన్‌లోకి మారారు. 1906లో దానికి జార్జి టౌన్ అని పేరు మార్చారు, మనం చెప్పుకునే పాత మద్రాసు అదే. పోయిన గుడికి బదులుగా కంపెనీ అక్కడ స్థలమిచ్చింది. విరాళాలు పోగుచేసి, అందరికంటే ఎక్కువగా తాను వేసి, గుడిని మళ్లీ కట్టించినవాడు మణలి ముత్తుకృష్ణ ముదలియారు. గవర్నరు పిగట్‌కి దుబాసీ, తమిళుడు. దేవరాజ ముదలి వీధిలో చెన్నకేశవుడు, చెన్నమల్లేశ్వరుడు పక్కపక్కనే ఉన్న జంట గుళ్లు అవే. తెలుగు వర్తకుల ఊళ్లో పుట్టిన గుడిని తమిళ దుబాసీ నిలబెట్టాడు. అక్కడ పూలమ్మేవాళ్ల మధ్య నిలబడి "ఇది ఎవరిది" అని అడిగితే నవ్వుతారు.

ఖాళీ చేసిన నేలలో మళ్లీ ఎవరూ ఇళ్లు కట్టకుండా ఉత్తరపు అంచున సరిహద్దు రాళ్లు పాతారు. వాటిలో ఒకటి ప్యారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర ఇంకా ఉంది, మీద 1773 సంవత్సరం చెక్కి ఉంటుంది. ఆ రాయి పక్కనుంచి రోజూ వేలమంది నడిచిపోతారు.

దీపం, కోర్టు

తర్వాత వందేళ్లకి పైగా ఆ నేల ఎస్ప్లనేడ్ అనే మైదానం. యుద్ధభయం తగ్గేకొద్దీ మైదానం మీద ప్రభుత్వానికి కన్ను పడింది. ముందు వచ్చింది దీపస్తంభం. మద్రాసులో అప్పటికి సరైన రేవు లేదు, ఓడలు సముద్రంలోనే లంగరు వేయాలి. మొదటి దీపం 1796లో కోట లోపల ఇప్పటి ఫోర్ట్ మ్యూజియం కప్పు మీద వెలిగింది. అది చాలక 1844లో మైదానంలో గ్రీకు పద్ధతిలో ఒంటి స్తంభం లేపారు. హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ ఉంది. పక్కనున్న ఎర్ర గుమ్మటాల ముందు అదెవరో దారితప్పి వచ్చిన పరదేశిలా కనిపిస్తుంది.

1888లో హైకోర్టు పని మొదలై 1892 జులైలో భవనం తెరుచుకుంది. నక్షా మొదలుపెట్టింది బ్రాసింగ్టన్, పూర్తిచేసింది హెన్రీ ఇర్విన్. 1894లో దీపం హైకోర్టు అతి పెద్ద గుమ్మటం మీదికి మారింది. 1977లో మెరీనా లైట్‌హౌస్ వచ్చేదాకా ఓడలకి దారి చూపింది ఈ కోర్టే. ఆ ఎత్తు వల్ల ఇబ్బందీ ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించింది. రేవులో నూనె ట్యాంకులు తగలబడ్డాయి, ఒక గుండు ఈ ఆవరణ గోడకీ తగిలింది. దానికి గుర్తుగా అక్కడ ఒక పలక ఉంది.

హైకోర్టు శైలిని ఇండో సారసెనిక్ అంటారు. గుమ్మటాలు, మినార్లు, కోసు కమానులు, లోపల ఇంగ్లీషు ప్రణాళిక. ఈ శైలికి మద్రాసులో మూలం కోటకి దక్షిణాన, మెరీనా ఒడ్డున ఉన్న చేపాక్ ప్యాలెస్. 1768లో ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా కట్టించుకున్నాడు. నవాబు ఇంగ్లీషువాళ్ల దగ్గర చేసిన అప్పులు ఆయన్నీ, ఆయన రాజ్యాన్నీ తినేశాయి. 1855లో చివరి నవాబు వారసుడు లేకుండా చనిపోతే బిరుదు రద్దయింది, ప్యాలెస్ వేలానికి వచ్చింది, ప్రభుత్వమే కొనుక్కుంది. తర్వాత రాబర్ట్ చిషమ్ అనే ఆర్కిటెక్ట్ దానికి కొత్త భాగాలు చేర్చాడు, నవాబు శైలిలోనే. పక్కనే 1870ల్లో యూనివర్సిటీ సెనేట్ హౌస్ కట్టాడు. చుట్టూ ప్రభుత్వ భవనాలు లేచి అసలు ప్యాలెస్ రోడ్డు మీదికి కనిపించకుండా పోయింది. నవాబుని దించేసినవాళ్లు నవాబు గుమ్మటాన్ని మాత్రం ఉంచుకున్నారు. మీ దేశపు రూపంలోనే మిమ్మల్ని పాలిస్తున్నాం అని చెప్పుకోవడానికి ఆ గుమ్మటం పనికొచ్చింది. ఇండో సారసెనిక్ భవనాలు అందంగా ఉంటాయి, నాకు ఇష్టం కూడా. ఆ అందం వెనక ఈ లెక్క ఉందని తెలిశాక కూడా ఇష్టం పోలేదు, కాకపోతే పూర్వంలా అమాయకంగా లేదు.

కంట్రాక్టరు

ఇప్పుడు అసలు విషయం. బ్రాసింగ్టన్ గీశాడు, ఇర్విన్ పూర్తిచేశాడు, సరే. ఇటుక మీద ఇటుక పెట్టించినవాడు తాటికొండ నంబెరుమాళ్ళు శెట్టి. మద్రాసులో స్థిరపడ్డ తెలుగు కోమటి కుటుంబం. హైకోర్టు, పక్కనే లా కాలేజీ, సెంట్రల్ దగ్గర విక్టోరియా పబ్లిక్ హాలు, ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం, ఫతేపూర్ సిక్రీ దర్వాజాని తలపించే విక్టోరియా మెమోరియల్ హాలు, ఇవన్నీ ఆయన కంట్రాక్టులే. చెన్నై ఎర్ర ఇటుక కట్టడాల ఫోటోలు తీసుకుని ఒక ఆల్బమ్ చేస్తే అందులో సగానికి పైగా ఒకే మేస్త్రీ కింద తయారయ్యాయంటే నమ్మడం కష్టం. ఇంకో సంగతి, శ్రీనివాస రామానుజన్ ఇంగ్లండు నుంచి జబ్బుతో తిరిగొచ్చాక 1920 ఏప్రిల్‌లో కన్నుమూసిన చేట్‌పట్ ఇల్లు కూడా నంబెరుమాళ్ళు శెట్టిదే. ఉండమని ఆయనే ఇచ్చాడు.

గైడ్ పుస్తకాల్లో ఇర్విన్ పేరు, చిషమ్ పేరు తప్పకుండా ఉంటాయి. నంబెరుమాళ్ళు శెట్టి పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మా వృత్తిలో ఒక సౌకర్యం ఉంది. ఏ పాత ఫైలు తెరిచినా, ప్రతి లైను పక్కన అది ఎవరు, ఏ రోజు రాశారో చూసుకోవచ్చు. డిజైను చేసినవాడి పేరు, నిజంగా రాసినవాడి పేరు వేరువేరుగా ఉంటాయి. గోడలకి ఆ సదుపాయం లేదు. ప్రారంభోత్సవం పలక మీద ఎవరి పేరుంటే గోడ వాళ్లదే.

అయితే ఇక్కడ ఆగి "చూశారా, కట్టింది మన తెలుగువాడే" అని చంక గుద్దుకుంటే మళ్లీ అదే తప్పు లెక్క. నంబెరుమాళ్ళు శెట్టి ధనవంతుడు. మద్రాసులో మోటారు కారు కొన్న తొలి భారతీయుల్లో ఒకడు. ఆయన కింద కూడా మనుషులున్నారు. ఆ రోజుల్లో కట్టుబడి అంటే డంగు సున్నం. సున్నాన్ని ఇసుకతో కలిపి ఎద్దులు తిప్పే గానుగలో నూరాలి. నాణ్యమైన పూతకి గవ్వల, ఆల్చిప్పల సున్నం వాడి, పాలరాయిలా మెరిసేదాకా రాయితో రుద్దాలి. మద్రాసు చునాం అని ఇంగ్లీషువాళ్లు అబ్బురపడిన పూత అదే. పైకప్పుకి మద్రాసు టెర్రస్. మన రాజమండ్రి, గుంటూరు, నెల్లూరు పాత ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ పేరే అంటారు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా ఏటవాలు వరసల్లో పేర్చి, పైన ఇటుకముక్కలు కలిపిన సున్నం పోసి, బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చెక్క దిమ్మెలతో కొట్టాలి. కొట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, వరసగా కూర్చుని, దెబ్బ దెబ్బకీ పదం పాడుకుంటూ. మట్టి పనికీ రాతి పనికీ మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా వలస తిరిగిన వడ్డెర్ల ఇంటి భాష తెలుగు. పలకల మీద కూలీల పేర్లు చెక్కే ఆచారం ఏ దొరకీ లేదు, ఏ శెట్టికీ లేదు. "మనది" అన్న మాటకి నిజమైన హక్కుదారులు ఎవరైనా ఉంటే, వాళ్లు ఆ నినాదం ఇచ్చే వేదిక మీద ఎప్పుడూ లేరు.

సెంట్రల్ పక్కన, ఎగ్మూరులో

హైకోర్టు నుంచి పడమరగా రెండు కిలోమీటర్ల లోపు సెంట్రల్ స్టేషను. ఆంధ్రా నుంచి రైలెక్కినవాడు దిగేది అక్కడే. స్టేషనుకీ రిప్పన్ బిల్డింగ్‌కీ మధ్య ఇరుక్కుని విక్టోరియా పబ్లిక్ హాలు ఉంటుంది. చిషమ్ గీశాడు, నంబెరుమాళ్ళు శెట్టి కట్టాడు. 1883 డిసెంబరులో దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనందగజపతి. మన సాహిత్యంలో ఈ పేరు ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు. 1897లో అచ్చైన 'కన్యాశుల్కం' మొదటి కూర్పుని గురజాడ అంకితమిచ్చింది ఆయనకే.

ఆ హాలు పేరు తమిళ నాటకచరిత్రలోనూ వస్తుంది. 1891లో బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యులు తన సరసవినోదినీ సభతో వచ్చి మద్రాసులో తెలుగు నాటకాలు ఆడారు. చదువుకున్నవాళ్లు, ప్లీడర్లు వేషం కట్టడం పమ్మళ్ సంబంధ ముదలియారు అనే కుర్రాడికి కొత్త. ఆ ఉత్సాహంతో అదే ఏడాది ఆయన సుగుణ విలాస సభ స్థాపించాడు. ఆధునిక తమిళ నాటకానికి ఆయన్ని పితామహుడిలాంటివాడంటారు, మన దగ్గర ధర్మవరం వారిని ఆంధ్రనాటక పితామహుడన్నట్టే. తెలుగు నాటకం చూసి తమిళ నాటకం కొత్త దారి పట్టింది. దీన్ని ఏ రాష్ట్రం వాటాలో వేస్తారు?

ఎగ్మూరు మ్యూజియం దగ్గరికొచ్చేసరికి ఈ వాటాల లెక్క ఇంకా బరువెక్కుతుంది. అక్కడ మన అమరావతి ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి దిబ్బని తవ్వించి రాళ్లని మద్రాసు తెప్పించాడు. వాటిలో పెద్ద భాగం 1859లో లండను వెళ్లిపోయింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటితో కలిపి మిగతావి మద్రాసులో ఉండిపోయాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ పలకల్ని గోడల్లో సిమెంటుతో బిగించేశారు. భద్రంగా ఉండాలనే. తడికీ ఉప్పుకీ రాయి పెచ్చులూడడం తర్వాతి కష్టం. రాళ్లని వెనక్కివ్వమని అడగడం న్యాయమే. అడిగేముందు ఒకసారి వెళ్లి వాటి ముందు నిలబడటం కూడా అంతే అవసరం. నాళాగిరి ఏనుగుని బుద్ధుడు శాంతింపజేస్తున్న పలక ఒకటుంది అక్కడ. ఒకే గుండ్రటి రాతిలో, ఒకపక్క వీధిలో జనం చెల్లాచెదురు, ఇంకోపక్క తల వంచిన ఏనుగు. దాన్ని చూడకుండా అమరావతి గురించి మాట్లాడేవాళ్లే మనలో ఎక్కువ.

నినాదం

మళ్లీ ఆ నేల దగ్గరికే రావాలి, ఎందుకంటే నినాదం కూడా అక్కడే తిరిగింది. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా హర్తాళ్. హైకోర్టు దగ్గర పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. శవాన్ని చూడనివ్వకుండా తుపాకులు అడ్డుపెడితే టంగుటూరి ప్రకాశం చొక్కా విప్పి రొమ్ము చూపించింది ఆ ప్యారీస్ కార్నర్ దగ్గరే. బారిస్టరుగా ఏళ్ల తరబడి ఆయన వాదించింది కూడా ఆ ఎర్ర భవనంలోనే. ఆ రోజు ఆయన వెనక ఉన్న గుంపులో తెలుగెవరు, తమిళమెవరు అని ఎవరూ లెక్కపెట్టలేదు.

లెక్క తర్వాత మొదలైంది. 1949లో జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి సీతారామయ్యల కమిటీ మద్రాసు నగరం మీద పట్టు వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం అంది. ఊరు మాదేనని తమిళులు మా.పో. శివజ్ఞానం వెనక నిలబడ్డారు. 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకి కూర్చున్నారు, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఆ ఇల్లు రాయపేట హైరోడ్డు మీద ఇప్పుడు స్మారకభవనం. చెన్నై జాబితాల్లో దాని పేరు చాలా అరుదు. శిల్పపరంగా అందులో చూడ్డానికేం లేదు కాబట్టి కాబోలు. తెలుగువాడు చెన్నైలో ఒక్క ఇల్లు చూడాలంటే మాత్రం అదే.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అప్పుడు కూడా ఒక తీగ తెగలేదు. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైన 1954 జులై దాకా మన కేసులు విన్నది ఈ హైకోర్టే. తిమ్మన్న ఊరు పోయిన నేల మీద, నంబెరుమాళ్ళు శెట్టి కట్టిన గోడల మధ్య, విడిపోయిన రాష్ట్రపు వ్యాజ్యాలు తొమ్మిది నెలలు నడిచాయి.

ఇదంతా చూశాక "మద్రాసు మనదే" అన్న మాట నాకు తప్పనిపించదు, చాలా చిన్నదనిపిస్తుంది. ఆస్తికి పత్రం ఉంటుంది, గెలుపో ఓటమో ఉంటుంది. ఇక్కడున్నది పని. చంద్రగిరి రాయల పేర ఇచ్చిన అనుమతి, నేతగాడి బట్ట, పోయిన గుడి, దాన్ని మళ్లీ కట్టించిన ముదలియారు, సున్నం కొట్టిన చేతులు, బళ్లారి నుంచి వచ్చిన నాటకం. పని పంపకానికి రాదు, కాబట్టి పోయేదీ ఉండదు. పోయేది దాన్ని చూడ్డం మానేసినప్పుడే.

అందుకని ఈసారి చెన్నై వెళ్తే కోటతో మొదలుపెట్టకండి. పొద్దున్నే ఫ్లవర్ బజారు వైపు వెళ్లి దేవరాజ ముదలి వీధిలో చెన్నకేశవుణ్ణి చూడండి. అక్కడినుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ రోడ్డు వెంట తూర్పుగా నడిస్తే ప్యారీస్ కార్నర్ వస్తుంది. డేర్ హౌస్ దగ్గర ఆ సరిహద్దు రాయి వెతుక్కుని, దానికి వీపు పెట్టి దక్షిణంగా చూడండి. ఎదురుగా కనిపించే ఎర్ర గుమ్మటాల కింద ఒకప్పుడు ఇళ్లుండేవి. ఆ తర్వాత రోడ్డు దాటి కోర్టు వైపు వెళ్లొచ్చు.